వాల్వులు ఎర్రబడక ముందే

గూడూరు దగ్గర వరదకి పెద్దరోడ్డు తెగి, లారీలు రెండు రోజులు నీళ్ళలో నిలబడిపోయిన ఏడు ఒకటుంది. దానికి మూడో ఏడు జరిగిందీ సంగతి. కోతపండగ ఆదివారం, పొద్దున తొమ్మిది గంటల నలభై ఏడు నిమిషాలకి, చిట్టమూరు పక్కపల్లె చర్చిలో దావీదు ఒక చేత్తో గిటారూ ఇంకో చేత్తో మైకు స్టాండూ పట్టుకుని, కొయ్యలా బిగుసుకుపోయి వెనక్కి పడ్డాడు. మంగళవారం దాకా కన్ను తెరవలేదు.

ఆ మంగళవారం మధ్యాహ్నం రెండింటికి అదే వేదిక ముందు ఎస్సై ఉషారాణి చేతిలో ఒక కాగితంతో నిలబడింది. ఆ కాగితంలో ముత్యాలయ్య పేరుంది.

"నేను చదవనా పెద్దాయనా, నువ్వే చదువుకుంటావా?"

"మీరే చదవండమ్మా," అన్నాడు ముత్యాలయ్య.

యాభై ఏళ్ళు వాల్వు రేడియోలు బాగుచేసిన మనిషి ఆయన. చుట్టుపక్కల ఎక్కడ మోటారు కాలినా, ఎవరు కరెంటు తగిలి పోయినా, అది ప్రమాదమా, ఎవడన్నా చేసిన పనా అని తేల్చడానికి ముగ్గురు ఎస్సైల కాలం నుంచీ ఆయన్నే జీపెక్కించుకుని వెళ్ళేవాళ్ళు. ఈసారి జీపు ఆయన రేకుల కొట్టు ముందు ఆగలేదు. అద్దాల తలుపున్న నరేంద్రబాబు షాపు ముందు ఆగింది. ఆ సంగతి ఆయనకి టీకొట్టు వాడు చెప్పాడు. చెప్పి మొహంలోకి చూశాడు కూడా.

నరేంద్రబాబు ఇప్పుడు ముందు వరసలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఎవరో ఆయనకి పింగాణీ కప్పులో టీ తెచ్చి ఇచ్చారు. ముత్యాలయ్యకి కాగితం గ్లాసు. ఒకప్పుడు ఇతను ముత్యాలయ్య దగ్గర పని నేర్చుకున్న కుర్రాడే. పదహారేళ్ళు 'మేస్త్రీ' అని పిలిచిన నోరు ఇప్పుడు 'పెద్దాయన' అంటోంది.

ఉషారాణి చదివింది. గిటారుకి తగిలించే ఆంప్లిఫయరు పెట్టె అరవై ఏళ్ళ నాటిది, లండన్ సరుకు, సెకండ్ హ్యాండు. మూడు వారాల కింద ముత్యాలయ్య రిపేరు చేశాడు. ఎర్తు తీగ సరిగా బిగించక అది ఊడి, ఫేజు పెట్టె రేకుకి తగిలి, గిటారు తీగల్లోకి కరెంటు వచ్చింది. మెకానిక్ నిర్లక్ష్యం. కింద నరేంద్రబాబు సంతకం.

"ఐదింటికి స్టేషన్‌కి వెళ్ళి దీని మీద కేసు కడతాను. ఈలోగా ఏమన్నా చెప్పుకోవాలంటే చెప్పుకో."

"పెట్టె విప్పాల," అన్నాడు ముత్యాలయ్య.

నరేంద్రబాబు నవ్వాడు. "విప్పేదానికి ఏముంది పెద్దాయనా? మీటరు పెట్టి చూసినా. బాడీ మొత్తం లైవ్. స్కోపు తెర మీద గీత చూపించమంటే చూపిస్తా."

"విప్పి చూసినావా?"

"మీటరు చెప్పినాక విప్పేదెందుకు?"

ముత్యాలయ్య ఉషారాణి వైపు చూశాడంతే. ఆమె నరేంద్రబాబుని చూసింది, కాగితాన్ని చూసింది. కానిస్టేబుల్‌ని పిలిచి పెట్టెకి వేసిన సీలు తీయించింది.

పెట్టె వెనక ఆరు మరలు. విప్పుతుంటే ఆయన వేళ్ళకి పాత పరిచయం గుర్తుకొచ్చింది. దావీదు దీన్ని మద్రాసులో, పెళ్ళిళ్ళకి బ్యాండు వాయించి మానేసిన ఒక ముసలాయన దగ్గర కొన్నాడు. తెచ్చిన రోజున పెట్టె కందిరీగల తుట్టెలా హోరుమంది. ఉన్నట్టుండి గొంతు పోయేది. ముత్యాలయ్య రెండు రోజులు దానితో కూర్చున్నాడు. ఎండిపోయిన కండెన్సర్లు మార్చాడు. పెన్సిలు చెక్కతో ఒక్కో గాజు వాల్వునీ మెల్లిగా తట్టి, ఏది చిటపటమంటుందో చెవితో పట్టుకున్నాడు. చివరికి దాని రెండు పిన్నుల పాత వైరు తీసేసి మూడు పిన్నుల వైరు వేశాడు. ఎర్తు తీగకి విడిగా ఒక బోల్టు పెట్టి, తీగని మూడు చుట్లు చుట్టి, సోల్డరు కరిగించి పోసి, దాని మీద ఎర్రటి గోళ్ళరంగు ఒక బొట్టు పెట్టాడు. ఆ సీసా ఆయన భార్యది. ఆమె పోయినా సీసా అయిపోలేదు. ఆయన బిగించిన ప్రతి అతుకు మీదా ఆ బొట్టు ఉంటుంది.

వెనక చెక్క ఊడి వచ్చింది. టార్చి వేశాడు.

బోల్టు ఉంది. బొట్టు రెండుగా పగిలి ఉంది. తీగ లేదు. ఎర్తు తీగని కటింగ్ ప్లేయరుతో కత్తిరించి, దాని కొసకి నల్ల టేపు చుట్టి పక్కకి వంచారు. స్విచ్చు దగ్గర నుంచి బెత్తెడు ఎర్ర వైరు ముక్క ఒకటి వచ్చి పెట్టె రేకుకి అతుక్కుని ఉంది. 

"ఇది ఊడిందా అమ్మా, కోసిందా?"

ఉషారాణి మోకాళ్ళ మీద కూర్చుని చూసింది. లేచేటప్పటికి ఆమె మొహం మారింది. "నరేంద్రబాబుగారూ, ఈ టేపు మీ మీటరుకి కనబళ్ళేదా?"

నరేంద్రబాబు టీ కప్పు కింద పెట్టాడు.

ముత్యాలయ్య తన సంచిలోంచి హోల్డరులో బిగించిన బల్బు తీశాడు. దాని రెండు వైర్లనీ వేదిక పక్క ప్లగ్గులో ఫేజుకీ ఎర్తుకీ పెట్టాడు. బల్బు నిండుగా వెలిగింది. "ఈ గుడి ఎర్తు గొయ్యి నేనే తవ్వించినా. ఉప్పూ బొగ్గూ వేసి. నా తీగ ఉండుంటే ఫీజు ఎగిరిపొయ్యేది. మనిషి పడేవాడు కాదు." ఒకేసారి అన్ని మాటలు మాట్లాడి ఆయన కాసేపు ఊపిరి తీసుకున్నాడు.

తర్వాత మళ్ళీ వంగి ఆ ఎర్ర వైరు అతుకుని చూశాడు. అప్పుడే ఆయన గుండెలో ఒక సంతోషం పుట్టింది. ఆయన సోల్డరు పాతకాలం సీసం కలిసినది, అద్దంలా మెరుస్తుంది. ఈ అతుకు బూడిదరంగులో, గరుగ్గా ఉంది. సీసం లేని కొత్తరకం తీగ. గూడూరులో అది ఒక్క షాపులోనే దొరుకుతుంది. ఆ షాపుకి అద్దాల తలుపుంది.

ఆ సంతోషం మంచిది కాదని ఆయనకి తెలుసు. తెలిసి కూడా దాన్ని కొంచెంసేపు దగ్గర ఉంచుకున్నాడు.

"ఈ సోల్డరు యాడిది నరేంద్రా?"

"నాకేం తెలుసు?"

"నీ షాపులో కాక ఇంకెక్కడుందో చెప్పు, పొయ్యి కొనుక్కుంటా."

"అమ్మినాను! అమ్మితే నేను పెట్టినట్టా?" నరేంద్రబాబు కుర్చీ వెనక్కి తోసి లేచాడు. "మేడం, పది రోజుల కింద దావీదూ జడ్సనూ ఇద్దరూ షాపుకి వచ్చినారు. సోల్డరింగ్ ఐరనూ తీగా కొన్నారు. గిటారు వైర్లు అతికించుకోవాలన్నారు, ఇచ్చినా. అంతే."

"అంతేనా?" అన్నాడు ముత్యాలయ్య.

నరేంద్రబాబు కుర్చీ వీపు పట్టుకున్నాడు. ఉషారాణి ఆగింది. బయట ఎవరి బండో ఆగి, మళ్ళీ వెళ్ళిపోయింది.

"ఎర్తు తీగ ఎందుకు అంత ముఖ్యం సార్ అని అడిగినారు. అది తీసేసి ఫేజు బాడీకి తగిలితే ఏమవుతుందో బొమ్మ గీసి చూపించినా. ఎవరడిగినా చెప్తాను మేడం, అది నా అలవాటు."

"ఆ కాగితం ఎవరు తీసుకున్నారు?"

"చూళ్ళేదు."

"చావుకి బొమ్మ గీసిచ్చి, నేరం నా నెత్తిన రాసినావు," అన్నాడు ముత్యాలయ్య.

"రాస్తా! ఎందుకు రాయను?" నరేంద్రబాబు గొంతు ఒక్కసారి చిన్నపిల్లవాడి గొంతయింది. "ఆ పెట్టెని దావీదు నా షాపు ముందు నుంచే మోసుకుపొయ్యి నీ రేకుల కొట్లో దించినాడు. నాకు స్కోపుంది, ఏసీ ఉంది, చదువుంది. అయినా జనం ఏమంటారో తెలుసా మేడం? పాత సామాను ముత్యాలయ్యకి చూపించు, ఇతనికి చూపించబాక అంటారు. పదేళ్ళ నుంచి వింటున్నా."

ముత్యాలయ్య తల దించుకుని మరలు లెక్కపెట్టుకున్నాడు. ఆ స్కోపు మీద పచ్చగీత ఎలా కదులుతుందో చూడాలని ఆయన మూడేళ్ళుగా ఆ అద్దాల తలుపు ముందు నుంచి మెల్లగా నడుస్తున్నాడు. ఆ మాట ఎవరితోనూ అనలేదు.

"జడ్సన్‌ని పిలవండి," అంది ఉషారాణి.

జడ్సన్ బయటే ఉన్నాడు. నలభై అయిదేళ్ళవాడు, రొయ్యల గుంటల దగ్గర మోటార్లు చూసుకునే పని. ఈ చర్చిలో పద్దెనిమిదేళ్ళు గిటారు వాయించింది అతనే. దావీదు లండన్ పెట్టెతో వచ్చాక వెనక బెంచీకి జరిగాడు.

"వైర్ల పని వచ్చు గదా నీకు?" అంది ఉషారాణి.

"వచ్చు మేడం. అదే బతుకుదెరువు."

"దావీదంటే కడుపుమంట."

జడ్సన్ చెప్పుల్లేని కాళ్ళ వంక చూసుకున్నాడు. "ఉండింది మేడం. అబద్ధమెందుకు? ఆ పెట్టె చెడిపోవాలని ప్రార్థన కూడా చేసినా. దేవుడి ఇంట్లో నిలబడి చెప్తున్నా. పెట్టెనే చెడిపొమ్మన్నా. మనిషిని కాదు."

"ఆదివారం ఎన్నింటికి వచ్చినావు?" ఇది ముత్యాలయ్య.

"తొమ్మిది యాభై అయిదుకి అన్నా. తొమ్మిదిన్నరకే రావాల్సింది. తొమ్మిది ముప్పై ఒకటికి కరెంటు పాయె. గుంటలో మోటార్లు ఆగితే గాలాడక రొయ్య చచ్చి తేలిపోతుంది గదా, జనరేటరు వేసుకుని కూచున్నా. నలభై ఏడుకి వచ్చింది కరెంటు. ఆపి, చొక్కా మార్చుకుని వచ్చినా. అప్పటికే దావీదుని ఆటోలో ఎక్కిస్తున్నారు."

"తొమ్మిదిన్నరకే ఎందుకు రావాల?"

"మొదటి పాట నాది గదా." జడ్సన్ కళ్ళు తుడుచుకున్నాడు. "ముందు వారమే దావీదు అందరి ముందరా చెప్పినాడు. కోతపండగకి కొత్త పెట్టె మీద మొదటి పాట జడ్సనన్న వాయించాల, ఆయన పెద్దోడు అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టినారు. నాకు సిగ్గేసింది, వీడి గురించా నేను అట్ట ప్రార్థన చేసినానని."

ఉషారాణి పుస్తకంలో గీత కొట్టింది. "కాబట్టి దావీదు ఇంటికి నువ్వు వెళ్తుంటావు. ఐరను ఎక్కడుంటుందో నీకు తెలుసు. బొమ్మ చూసినావు. వైర్ల పని తెలుసు. సరిగ్గా ఆ సమయానికి నువ్వు లేవు. బాగుంది."

ముత్యాలయ్య ఆ మాటలు వినడం లేదు. వేదిక నేలని అరచేత్తో రాస్తున్నాడు. నున్నటి సిమెంటు. "నేల తడిగా ఉండిందా?" అన్నాడు.

దానికి జవాబు తలుపు దగ్గర నుంచి వచ్చింది. "తడి లేకపోతే ఎట్ట నాయనా? రెండోసారి తుడిచింది నేనే గదా."

ఎస్తేరమ్మ. చర్చి ఊడ్చి, తుడిచి, గంట కొట్టే మనిషి. పోలీసులు వచ్చిన దగ్గర నుంచీ ఎవరూ తనని ఏమీ అడగలేదని అలిగి గడప మీద కూర్చుని ఉంది.

"రెండోసారి ఎందుకమ్మా?"

"ఆ కోడి చేసిన పని చెప్తే నవ్వుతావు. కానుక తెచ్చిన పుంజు తాడు తెంపుకుని వేదికెక్కి పాస్టరయ్య కుర్చీ ముందర పాడు చేసింది. తొమ్మిదింబావుకి గంట కొట్టి వచ్చి చూస్తే ఇదీ సంగతి. మళ్ళీ నీళ్ళు పోసి తుడిచినా. ఎండేదానికి యాడ? ఫ్యాన్లు ఆగిపాయె."

"అప్పుడు వేదిక మీద ఎవరుండారు?"

"దావీదు ఒక్కడే. రాంగానే పెట్టె స్విచ్చు వేసుకున్నాడు, ఎర్రదీపం వెలిగింది. అంతలోకే కరెంటు పాయె. అప్పుడు చూసినా నాయనా, వాడి కాళ్ళకి చెప్పులు! రబ్బరు చెప్పులు! అరవై ఏళ్ళలో ఆ వేదిక మీద చెప్పు తొక్కినోణ్ణి చూళ్ళేదు నేను. పాస్టరయ్య కూడా మెట్టు కిందనే ఇడుస్తాడు. 'ఏందిరా, లండన్ పెట్టె వస్తే దేవుడు చిన్నోడైపొయినాడా?' అని అరిచినా. 'కాలికి దెబ్బ తగిలింది పెద్దమ్మా' అన్నాడు. 'దెబ్బ తగిలితే కుంటుతా నడువు, చెప్పు మాత్రం తియ్' అన్నా. గొణుక్కుంటా తీసినాడు. నేనే పట్టుకపొయ్యి బయట పడేసినా."

ముత్యాలయ్య మెల్లగా లేచి నిలబడ్డాడు. "తరవాత?"

"తరవాతేముంది? గిటారు ఆడ ఆనించి, మైకు యాడ పెట్టాలో చూసుకుంటా ఉన్నాడు. కరెంటొచ్చింది, ఫ్యాన్లు తిరిగినాయి. వాడు ఎగిరిపడినట్టు గిటారుకి దూరంగా జరిగినాడు. మళ్ళీ వంగి పెట్టె వెనక తొంగి చూసినాడు. 'ఇంకా ఎర్రబళ్ళేదులే, టైముంది' అన్నాడు తనలో తనే. అని, రెండూ దగ్గరికి సర్దేదానికి గిటారు పట్టుకుని, మైకు మీద చెయ్యేసినాడు. అంతే నాయనా."

ముత్యాలయ్య చేతిలో టార్చి ఉంది. దాన్ని ఆర్పడం మరిచిపోయాడు.

ఇంకా ఎర్రబళ్ళేదు, టైముంది. ఆ మాట ఆయన ఎరుగును. మూడు వారాల కింద రేకుల కొట్లో, పెట్టె విప్పి ఉండగా స్విచ్చు వేస్తే, దావీదు భయపడి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఇప్పుడు ముట్టుకుంటే ఏమవుతుంది మేస్త్రీ అన్నాడు. ఆయన తలెత్తకుండా జవాబిచ్చాడు: 'వాల్వులు ఎర్రబడేదాకా అది చచ్చిన పెట్టే. అర నిమిషం టైముంటుంది.' పలికే పాట గురించి అన్న మాట అది. పెట్టె పాడాలంటే వాల్వు వేడెక్కాలి. రేకులోకి వదిలిన కరెంటుకి వాల్వుతో పనిలేదు, స్విచ్చు వేసిన క్షణమే అది ఉంటుంది. ఆ రెండో సగం ఆయన చెప్పలేదు. మాటలు తక్కువ వాడే అలవాటు.

తలెత్తితే నరేంద్రబాబు ఆయన్నే చూస్తున్నాడు. అతని పెదవి మీద చిన్న నవ్వు. అతనికీ ఆ మాట తెలుసు. పదహారేళ్ళు విన్నాడు.

"ఆ చెప్పులు యాడుండాయి ఎస్తేరమ్మా?"

"సంచిలో దాచినా. ఆదివారం అందరి చెప్పులూ ఇళ్ళకి పొయినాయి, ఆ జత ఒకటే మిగిలింది. మనిషి బతికొస్తే ఇద్దామని."

తెచ్చింది. నీలంరంగు పట్టీలు. ఎడమ చెప్పు మీద, బొటనవేలికీ పక్కవేలికీ మధ్య, పెసరగింజంత గుంట. రబ్బరు కరిగి, అందులో ఒక బూడిదరంగు చుక్క గట్టిపడి ఉంది. ముత్యాలయ్య దాన్ని గోటితో గీకాడు. గరుగ్గా తగిలింది.

"జడ్సన్ కాదమ్మా," అన్నాడు. "దావీదే."

"తనకి తనే పెట్టుకున్నాడా?" ఉషారాణి కసిరింది.

"మొదటి పాట ఎవరిది?"

జడ్సన్ నోరు తెరుచుకుని నిలబడ్డాడు. తర్వాత నూతిలోంచి వచ్చినట్టున్న గొంతుతో అన్నాడు. "శనివారం వాడు నాతో ఒక మాట అన్నాడన్నా. కొత్త మైకు, దూరంగా పాడితే వినపడదు, పెదవి తగిలేట్టు పాడాల, గిటారు మీద చెయ్యి మాత్రం తియ్యబాక అన్నాడు. నాకు తమ్ముడి లెక్కనే అనుకున్నా... పెట్టె వాడిది. వేళ్ళు వాడివి నాకంటే బాగా ఆడతాయి. నా మీద వాడికేం ఉంటుందన్నా?"

"ఉంటది," అంది ఎస్తేరమ్మ. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నేనే అన్నా వాడితో. ఆ పెట్టె ఎంత మోగినా, జడ్సన్ మీటితేనే గదరా కళ్ళల్లో నీళ్ళొచ్చేది అన్నా. నవ్వతా అన్నా. వాడు నవ్వలా."

అప్పుడు ఉషారాణి ఫోను మోగింది. నాలుగు గంటల నలభై నిమిషాలు. ఆమె విని, "ఎప్పుడు? పేరు చెప్పినాడా?" అని మాత్రం అడిగింది. ఫోను జేబులో పెట్టుకుని జడ్సన్ ముందుకి వచ్చి నిలబడింది.

"దావీదు కళ్ళు తెరిచినాడు. డాక్టరు ముందర వాంగ్మూలం ఇచ్చినాడు. వైరు పెట్టింది జడ్సనేనని, శనివారం తన ఇంట్లో ఐరను తీసుకోవడం కళ్ళారా చూసినానని."

"అమ్మా, ఈ చెప్పు..."

"చెప్పు మీద పేరు రాసుందా పెద్దాయనా? ఆ చుక్క గిటారు వైరు అతికించేటప్పుడు పడుండొచ్చు. అవతల చావు తప్పించుకున్న మనిషి వాంగ్మూలం. రేపు పది గంటలకి జడ్సన్‌ని కోర్టులో పెట్టాల. ఈలోగా దావీదు నోటితో వేరే మాట చెప్పించగలిగితే చెప్పించు. పొద్దున ఏడింటికి నేనూ ఆస్పత్రికి వస్తా."

జీపు జడ్సన్‌ని ఎక్కించుకుని వెళ్ళిపోయింది. అతను ఒక్కమాట కూడా ఎదురు చెప్పలేదు.

నరేంద్రబాబు ముత్యాలయ్య పక్కకి వచ్చాడు. "మేస్త్రీ," అన్నాడు, ఎన్నో ఏళ్ళకి. "ఎర్రబడేదాకా చచ్చిన పెట్టే. మా అందరికీ అదే గదా నేర్పినావు. నా బొమ్మ సంగతి ఆమె ముందర బయటపెట్టినావు. నీ మాట సంగతి నేను చెప్పలా. నువ్వు దావీదు జోలికి పొయినావంటే వాడు ఆ మాటే అంటాడు. అప్పుడు నిర్లక్ష్యం ఎవరిది? నా కాగితంలో ఉండే పేరు అట్నే ఉంటుంది. ఆ జడ్సన్ నీకేమవుతాడు? ఇంటికి పొయ్యి పడుకో."

ముత్యాలయ్య అతని చేతుల్ని చూశాడు. సోల్డరు పట్టుకోవడం తను నేర్పిన చేతులు. చెప్పుల జతని సంచిలో పెట్టుకున్నాడు.

మర్నాడు పొద్దున మొదటి బస్సుకి ఆయన నెల్లూరు వెళ్ళాడు. ఏడుకి పది నిమిషాలుండగా ఆస్పత్రి వార్డులో దావీదు మంచం పక్కన నిలబడ్డాడు. దావీదు రెండు అరచేతులకీ కట్లున్నాయి. గోడవైపు తిరిగి పడుకున్నాడు. అతని భార్య రెజీనా లేచి స్టూలు ఇచ్చింది. ముత్యాలయ్య కూర్చోలేదు.

దుప్పటి అంచు పైకి జరిపాడు. ఎడమ కాలు. బొటనవేలికీ పక్కవేలికీ మధ్య పెసరగింజంత కాలిన మచ్చ, అప్పటికే పక్కు కట్టి ఉంది. ఆదివారం కాలిన చేతులు ఇంకా పచ్చిగానే ఉన్నాయి. ఆయన సంచిలోంచి ఎడమ చెప్పు తీసి ఆ పాదానికి ఆనించి పట్టుకున్నాడు. చుక్క మచ్చకి ఎదురుగా వచ్చింది.

దావీదు తల తిప్పి చూశాడు. చాలాసేపు చూశాడు.

"ఎవరి చెప్పులయ్యా ఇవి?" అంది రెజీనా. "నీవే గదా? శనివారం కాలు కాల్చుకున్నావే, గిన్నె పడిందని..."

"నువ్వు ఊరుకో." దావీదు గొంతు బొంగురుగా ఉంది. ఆయన ఏమీ అడగకపోవడమే అతనికి ఓర్చుకోలేనిదైంది. "ఏంది మేస్త్రీ అట్ట చూస్తావు? ఆ? నువ్వే గదా చెప్పినావు! ఎర్రబడేదాకా చచ్చిన పెట్టే అని నువ్వే గదా చెప్పినావు! నేను చూసినా. వాల్వు ఎర్రబళ్ళేదు. నువ్వు సరిగ్గా చెప్పుంటే నేను ముట్టుకుంటానా? నేను పెట్టింది వాడికి గదా, నాకు కాదు గదా!"

రెజీనా స్టూలు మీద కూలబడింది. తలుపు దగ్గర ఉషారాణి నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో తెలియదు. పుస్తకం తెరిచి రాసుకుంటోంది.

ముత్యాలయ్య ఆమె దగ్గరికి నడిచాడు.

"అంతా రాసినారా అమ్మా?"

"రాసినా. జడ్సన్‌ని వదిలెయ్యమని ఫోను చేస్తా. నువ్వింక వెళ్ళొచ్చు."

"వాడు నా గురించి చెప్పింది?"

"అది ఎందుకు పెద్దాయనా? ఏదో నోటికొచ్చింది అరిచినాడు. అది రాస్తే మళ్ళీ నీ పేరే లోపలికొస్తుంది. నరేంద్రబాబుకి పండగ."

"నిజమే చెప్పినాడు. సగం చెప్పి ఊరుకున్నా. రాయండి."

ఉషారాణి ఆయన మొహంలోకి చూసింది. తర్వాత రాసింది. రాసింది చదివి వినిపించి, పెన్ను ఆయన చేతికిచ్చింది. ముత్యాలయ్య కళ్ళజోడు సరిచేసుకుని, పుస్తకాన్ని గోడకి ఆనించి, ఒక్కో అక్షరమే పెట్టుకుంటూ పోయాడు. నాలుగు అక్షరాల పేరు పూర్తయ్యేసరికి వార్డులో పాలు పోసే మనిషి రెండు మంచాలు దాటి వెళ్ళాడు.